ఆకుకి ఏ అచ్చు, చేపకి ఏ అచ్చు? విశాఖలో ప్రకృతిని ప్రింట్ చేద్దామనుకునేవాళ్లకి

1803లో లండన్‌లో ఒక చేపల పుస్తకం అచ్చయింది. రెండు సంపుటాలు, 200 చేపలు, అన్నీ మన విశాఖపట్నంలో సేకరించినవే. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇక్కడున్న ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు వాటిని ఈ దేశపు చిత్రకారుల చేతే గీయించాడు. చాలా చేపలకి ఇక్కడివాళ్లు పిలిచే పేర్లనే, చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. (రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న ‘రస్సెల్స్ వైపర్’ అన్న పేరు కూడా ఈయన పేరు మీద వచ్చిందే.) ఆ బొమ్మల్లో అలలు ఉండవు, వల ఉండదు. తెల్ల కాగితం మీద పక్కవాటుగా పడుకోబెట్టిన చేప, అంతే. ఎక్కడో కూర్చున్నవాడు రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టి ఇది ఫలానా చేప అని గుర్తుపట్టాలి. ఆ ప్రింట్‌కి ఉన్న పని అదొక్కటే.

దానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందు, 1515లో, జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు ఒక ఖడ్గమృగాన్ని చెక్క మీద చెక్కించి అచ్చు వేశాడు. గుజరాత్ సుల్తాను పోర్చుగీసువాళ్లకి ఇచ్చిన జంతువు అది. ఓడెక్కి లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లతో చూడలేదు. ఎవరో పంపిన వర్ణన, చిన్న స్కెచ్ చూసి గీశాడు. చర్మం మడతలు యోధుడి కవచంలా వచ్చాయి, భుజం మీద లేని చిన్న కొమ్ము ఒకటి మొలిచింది. అయినా యూరప్ చాలాకాలం ఖడ్గమృగమంటే అదేననుకుంది. శాస్త్రం ప్రకారం తప్పు బొమ్మే, కానీ ప్రింట్‌గా చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం.

ప్రింట్‌మేకింగ్ (చేత్తో అచ్చులు తీసే కళ) నేర్చుకోవాలనుంది, ఏ పద్ధతితో మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ముందు ఖర్చు ఎంతంటారు, తర్వాత కష్టమా అంటారు. రెండూ అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ ఆకులోనో, పీతలోనో, కొండలోనో మీకు కావాల్సింది ఏమిటి? గుర్తుపట్టగలిగే రూపమా, ముట్టుకుంటే తెలిసే గరుకుదనమా, లోపలి నుంచి వెలుతురు దూరే పల్చదనమా, లేక దాన్ని చూసినప్పుడు మీకు అనిపించినదా? ప్రతి పద్ధతీ వీటిలో ఒకదాన్ని బాగా పట్టుకుంటుంది, మిగతావాటిని వదిలేస్తుంది. అది తెలియకుండా సామాను కొంటే డబ్బు దండగ.

తొందరలో ఉన్నవాళ్లకి నా సలహా ముందే చెప్పేస్తాను. ఆకులు, ఈనెలు ఇష్టమైతే ఆకు మీదే ఇంకు పూసి అచ్చు తీయండి. సముద్రపు నాచు, సరుగుడు రెమ్మలు, ఈకలు అయితే సయనోటైప్, అంటే ఎండతో నీలంగా పడే అచ్చు. పక్షులు, తాబేళ్లు, చేపల మీది చారలు, కొండల రూపాలు అయితే లినోకట్, అంటే లినోలియం అనే షీటు మీద చెక్కి తీసే అచ్చు. ముళ్లు, నూగు, మీసాలు అయితే డ్రైపాయింట్, అంటే రేకు మీద సూదితో గీకి తీసే అచ్చు. ఎచింగ్ (యాసిడ్‌తో రేకు మీద గీతలు తీసే పద్ధతి) కావాలంటే స్టూడియో వెతుక్కోండి, ఇంట్లో వద్దు. ఏ పద్ధతికైనా సరే, ప్రెస్ (అచ్చు ఒత్తే యంత్రం) ముందే కొనకండి.

వస్తువు మీద నుంచే అచ్చు

అన్నిటికంటే చవకైనది ఇదే. చాలామంది చిన్నపిల్లల ఆట అని తీసిపారేసేదీ ఇదే. అది పొరపాటు. 1850లలో వియన్నాలో అలోయిస్ ఆవర్ అనే ప్రింటరు ఆకుల్ని మెత్తటి సీసపు రేకుకి నొక్కి, ఆ గుర్తు నుంచి అచ్చు తీసే పద్ధతి తయారు చేశాడు. 1855లో హెన్రీ బ్రాడ్‌బరీ అదే దారిలో బ్రిటన్ ఫెర్న్ మొక్కల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. చిత్రకారుడి చెయ్యి మధ్యలో లేకుండా మొక్క తన బొమ్మ తానే వేసుకుంటుందన్నది అప్పటి ఉత్సాహం.

మనకి సీసం అక్కర్లేదు. రోలర్, గాజు పలక, కొంచెం ఇంకు, పల్చటి కాగితం చాలు. ఆకుని న్యూస్‌పేపర్ మడతలో కాసేపు పెట్టి చదును చేయండి. ఇంకు పూయాల్సింది వెనక వైపు, ఈనెలు పైకి తేలేది అటే. ఇంకు పల్చగా ఉండాలి. ఎక్కువైతే ఈనెల మధ్య గుంటలు నిండిపోయి నల్లటి మరక తప్ప ఏమీ మిగలదు. పైన కాగితం పరిచి బొటనవేలితో ఈనె వెంట మెల్లగా రుద్దండి. రావి, టేకు, బాదం ఆకులు మొదటి రోజే మంచి ఫలితమిస్తాయి. బీచ్‌లో ఇసుక మీద పాకే బాలబంద తీగ ఆకు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ నీరు ఎక్కువ, నొక్కగానే కారుతుంది. ఒక పూట వాడనిస్తే మాట వింటుంది. ఇసుక దిబ్బల మీద గుండ్రంగా దొర్లే రావణాసురుని మీసాల గడ్డి మాత్రం ఈ పద్ధతికి లొంగదు. దాన్ని సయనోటైప్‌కి దాచుకోండి.

చేపలకీ ఇదే పద్ధతి. జపాన్‌లో 19వ శతాబ్దం నుంచి ఉన్న గ్యోతకు అంటే ఇదే, పట్టిన చేప మీద సిరా పూసి కాగితం పరిచి తీసే అచ్చు. విశాఖలో ఉండి ఇది ప్రయత్నించకపోతే ఫిషింగ్ హార్బర్ పక్కన పెట్టుకుని ఏం లాభం? ఏ చేప తేవాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కూరకి మంచి చేప అచ్చుకి మంచిది కానక్కర్లేదు. వంజరం ఒంటి మీద పొలుసు దాదాపు కనిపించదు, దాని అచ్చు నున్నటి నల్ల ముద్దలా వస్తుంది. చందువది రూపం చక్కగా పడుతుంది కానీ పొలుసులు మరీ సన్నం. కానాగంత వీపు మీద పొడవాటి చారలుంటాయి కదా, అవి ఒక్కటి కూడా రావు. ఎందుకంటే ఆ చారలు రంగు మాత్రమే, చేతికి తగలవు. ఈ అచ్చుకి తెలిసేది ఎత్తుపల్లాలే. పెద్ద పొలుసులున్న గులివింద, పండుగప్ప అయితే ఒక్కో పొలుసూ విడివిడిగా పడుతుంది. సముద్రపు చేప దొరక్కపోతే చెరువు బొచ్చె కూడా భేషుగ్గా పనికొస్తుంది.

ముందు ఉప్పు వేసి రుద్ది జిగురంతా కడిగేయాలి, బాగా తుడవాలి, మొప్పలోంచీ నోట్లోంచీ నీరు కారకుండా దూది కుక్కాలి. రెక్కలు విప్పి కింద బంకమట్టి ముద్ద పెడితే అలాగే నిలబడతాయి. కన్ను అచ్చులో రాదు, ఆరాక బ్రష్షుతో వేసుకోవాల్సిందే. అచ్చు తీసిన చేపని వండుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు. ప్రింటింగ్ ఇంకు పూశాక ఆ ఆశ వదిలేసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, ఆ రెండు నెలలు తాజా సరుకు తక్కువ. చేపల అచ్చుకి చలికాలమే నయం. చేప త్వరగా మెత్తబడదు, ఈగల బెడదా తగ్గుతుంది.

సయనోటైప్: ఎండ వేసే అచ్చు

1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. రసాయనం పూసిన కాగితం మీద వస్తువుని పెట్టి ఎండలో ఉంచి, తర్వాత నీళ్లతో కడిగితే ఎండ తగిలినచోట నీలం పడుతుంది. మరుసటి ఏడాదే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త ఆనా ఆట్కిన్స్ దీనితో సముద్రపు నాచు మొక్కల పుస్తకం మొదలుపెట్టింది. ఫొటో పద్ధతిలో వేసిన బొమ్మలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెబుతారు. అంత సన్నటి నాచుని చేత్తో ఉన్నదున్నట్టు గీయడం కష్టమని ఆమె ఈ దారి పట్టింది. ఆ కారణం ఇప్పటికీ చెల్లుతుంది. నాచు మీద ఇంకు పూస్తే ముద్దయిపోతుంది, లినో మీద చెక్కుదామంటే దాని పల్చదనం పోతుంది. సయనోటైప్‌లో మాత్రం పొర ఒక్కటి ఉన్నచోట లేత నీలం, రెండు పొరలు పడినచోట ఇంకా లేత, పూర్తిగా అడ్డున్నచోట తెలుపు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఆకుపచ్చ రకం 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మిల్లీలీటర్లలో విడివిడిగా కలిపి, వాడేముందు రెండూ సమపాళ్లలో కలపాలి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్. పేరులో సయనైడ్ ఉందని కంగారు వద్దు, ఈ రూపంలో అది అంత ప్రమాదకరం కాదు. కానీ గాఢమైన యాసిడ్‌తో కలపకూడదు, వేడి చేయకూడదు, వంటింటి గిన్నెలు అసలు వాడకూడదు. కాగితానికి పూయడం, ఆరబెట్టడం మసక వెలుతురులో జరగాలి. పాతకాలపు పసుపు బల్బు చాలు.

విశాఖ ఎండకి ఈ పని ఎంత సులువో ఊటీలో ఉండేవాళ్లకి తెలియదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, డిసెంబరు పొద్దుటి ఎండలో అంతకి రెట్టింపో, ఇంకా ఎక్కువో పడుతుంది. గడియారం కంటే రంగుని నమ్మండి. పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉన్న కాగితం ముందు నీలం తిరిగి, తర్వాత కంచు కలిసిన బూడిద రంగుకి వస్తే అయినట్టే. మేడ మీద చేస్తే ఎండతో పేచీ లేదు, గాలితోనే పేచీ. సముద్రపు గాలికి రెమ్మ రవ్వంత కదిలినా అంచులు రెండుగా పడతాయి. పైన గాజు పలక పెట్టి నాలుగు పక్కలా క్లిప్పులు బిగించాల్సిందే.

నీళ్ల సంగతి చాలా గైడ్లలో ఉండదు. సయనోటైప్‌లో పడే నీలం పేరు ప్రష్యన్ బ్లూ, దానికి క్షారం పడదు. బోరు నీళ్లు గట్టిగా ఉన్న అపార్ట్‌మెంట్లలో కడిగితే నీలం పాలిపోతుంది. మొదటి నీళ్లలో కొంచెం వెనిగరో, చిటికెడు నిమ్మఉప్పో వేస్తే చాలు. సబ్బు, వాషింగ్ సోడా దరిదాపులకి రానివ్వకండి. కాగితం కూడా క్షారం కలిపి తయారుచేసినది కాకుండా చూసుకోండి. దుకాణదారుకి తెలియకపోతే ఒక షీటు కొని పరీక్షించడం తప్ప మార్గం లేదు.

నాచు కోసం తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికో, రుషికొండ వైపో వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి పోతుంది. రాళ్లకి పట్టుకుని బతుకుతున్నదాన్ని పీకకండి, ఒడ్డుకి కొట్టుకొచ్చినదే బోలెడుంటుంది. ఇంటికి తెచ్చి మంచినీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే కింద నుంచి కాగితం దూర్చి పైకి లేపితే కొమ్మలన్నీ వాటంతట అవే పరుచుకుంటాయి. అలా ఆరబెట్టినది ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

దీంతో నాకున్న పేచీ ఒకటే. ఏది వేసినా నీలం. నాచుకి, ఈకకి అది వరం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసొచ్చి వాటిని నీలంలో వేస్తే మాత్రం మనసొప్పదు. టీ డికాక్షన్‌లో నానబెట్టి నలుపు గోధుమ రంగుకి తేవచ్చు కానీ అది ఎర్రమట్టి కాదు. దిబ్బలకి లినోనే సరి.

లినోకట్, ఉడ్‌కట్: ఇక్కడ నిర్ణయం మీది

పై రెండింటిలో ప్రకృతే బొమ్మ వేసుకుంటుంది, మనది దగ్గరుండి చూసుకునే పని. చెక్కడానికి దిగితే లెక్క మారుతుంది. ఏది నలుపు, ఏది తెలుపు అన్నది ప్రతి మిల్లీమీటరులో మీరే తేల్చాలి. కానాగంత చారలు చేప అచ్చులో రావన్నాను కదా, అవి లినోలో అద్భుతంగా వస్తాయి. ఒడ్డుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు వీపు పలకలు, కొండకర్ల ఆవలో తామరాకుల మధ్య కొంగ కాళ్లు, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, ఇవన్నీ చెక్కాల్సినవే. పక్షిని మీదపెట్టి అచ్చు తీయలేం కదా.

ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ ఈ పనిని ఎంత దూరం తీసుకెళ్లాడో తెలుసుకోవడం మంచిది. బ్రిటన్ పక్షుల మీద ఆయన పుస్తకాలు 1797లో, 1804లో వచ్చాయి. చెక్కని నిలువు పలకగా కాకుండా అడ్డంగా కోసి, ఆ గట్టి తలం మీద సన్నటి ఉలితో తెల్ల గీతలు తీసేవాడు. నల్లటి మైదానంలోంచి వెలుతురుని తోడి తీసినట్టుంటాయి ఈకలు. మనం మొదలుపెట్టేది ఆ స్థాయిలో కాకపోయినా, ‘నలుపులోంచి తెలుపు తీయడం’ అన్న ఆలోచన లినోకీ పనికొస్తుంది. కొత్తవాళ్లు నల్ల గీతలు మిగల్చాలని చుట్టూ అంతా చెక్కేసి చేతులు నొప్పెట్టుకుంటారు. గీతనే చెక్కేయండి, సగం శ్రమ తగ్గుతుంది.

అసలైన లినోలియం మన ఊరి స్టేషనరీ షాపుల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. చలిదేశాల్లో చెక్కేముందు దాన్ని వెచ్చచేయమంటారు, ఇక్కడ ఆ బాధ లేదు, మే నెలలో మరీ మెత్తబడుతుంది కూడా. రబ్బరులా ఉండే మెత్తటి షీట్లు పిల్లలకి సులువే కానీ సన్నటి గీత నిలవదు. చెక్కేటప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ముందుంచినవాళ్ల వేళ్లకి కుట్లు పడటం మామూలే. ప్రెస్ అక్కర్లేదు, స్టీలు గరిటె వీపుతో గుండ్రంగా రుద్దితే చాలు.

చెక్క మీద చెక్కే ఉడ్‌కట్‌కి టేకు బాగుంటుంది. పెడన కలంకారీ అచ్చుబ్లాకులు చెక్కేది టేకు మీదే. కానీ కొత్త చేతికి అది గట్టి. ఎండీఎఫ్, ప్లైవుడ్ ముక్కలు ఏ వడ్రంగి షాపులో అడిగినా ఇస్తారు. చెక్క ధారలు అచ్చులో కనపడతాయి కాబట్టి సముద్రానికి, మబ్బులకి, ఇసుకకి చెక్క నాకు ఎక్కువ ఇష్టం. ఆ ధార సగం అల వేసేస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, సన్నటి ధారతో ఉంటుంది. చిన్న చిన్న బ్లాకులకి దాన్ని ప్రయత్నించాలనుకునేవాళ్లుంటే నేను అడ్డు చెప్పను.

ఇక కుడి ఎడమల గొడవ. చెక్కిన బొమ్మ అచ్చులో తిరగబడుతుందని అందరికీ తెలుసు, అక్షరాలు రాసేటప్పుడు జాగ్రత్తపడతారు, శంఖం దగ్గరికొచ్చేసరికి మర్చిపోతారు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ అంతటివాడు 1650లో ఒక శంఖాన్ని ఎచింగ్ చేశాడు. సంతకం సరిగ్గా పడేలా తిప్పి రాశాడు కానీ శంఖాన్ని తిప్పలేదు. అచ్చులో దాని చుట్టు ప్రకృతిలో ఉన్నదానికి వ్యతిరేకంగా పడింది. మన దగ్గర ఇది ఇంకా సరదా. మామూలు శంఖాన్ని చూసి ఉన్నదున్నట్టు చెక్కారనుకోండి, కాగితం మీద పడేది దక్షిణావర్త శంఖం. లక్షల్లో ఒకటి దొరుకుతుందని జనం వెతికేదాన్ని మీరు అచ్చు మీద అచ్చు వేసేస్తారు! ట్రేసింగ్ కాగితాన్ని తిప్పి బ్లాకు మీద పెడితే ఈ తిప్పలుండవు. చేప అచ్చుకీ ఇదే సూత్రం. చేపల పుస్తకాల ఆనవాయితీ ప్రకారం తల ఎడమకి ఉండాలంటే చేప కుడి పక్కకి ఇంకు పూయాలి.

రంగులు కావాలంటే ఒకే బ్లాకుని కొంచెం కొంచెం చెక్కుతూ రంగు మీద రంగు వేసే పద్ధతి ఉంది. బాగుంటుంది, కానీ వెనక్కి పోలేరు. పది కాపీలు కావాలంటే మొదటి రంగప్పుడే పదిహేను వేసుకోవాలి, మధ్యలో కొన్ని పాడవుతాయి. మొదటి ఏడాది నలుపు తెలుపులోనే ఉండమంటాను.

డ్రైపాయింట్, ఎచింగ్: ప్రెస్ దగ్గర ఆగిపోయే చోటు

ఇంతవరకూ చెప్పినవాటిలో ఇంకు అంటేది పైకి తేలిన భాగానికి. ఇక్కడ తిరగబడుతుంది, గీత లోపల ఇంకు నిలిచి, తడి కాగితం దాన్ని పైకి లాక్కుంటుంది. అందుకే గట్టి ఒత్తిడి కావాలి, చేత్తో రుద్దితే చాలదు.

డ్రైపాయింట్ అంటే సూదితో గీకడమే. రాగి, జింకు రేకులు వాడొచ్చు, యాక్రిలిక్ షీటు అయినా సరే. పాల డబ్బాగా వచ్చే టెట్రాప్యాక్ లోపలి వెండి పొర కూడా పనిచేస్తుంది. సూది గీకినచోట అంచున లేచే రజను ఇంకుని పట్టుకుని గీత పక్కన మెత్తటి నూగులా పడుతుంది. గొంగళిపురుగు వెంట్రుకలు, రొయ్య మీసాలు, జిల్లేడు దూది, ఉడత తోక వీటికి ఇంతకు మించిన పద్ధతి లేదు. ఆ రజను ప్రతి అచ్చుకీ కొంచెం నలుగుతుంది కాబట్టి కాపీలు తక్కువే వస్తాయి. మొదటి ప్రింటుకి, ఇరవయ్యో ప్రింటుకి తేడా కనిపిస్తుంది.

ఎచింగ్‌లో యాసిడ్ చెక్కుతుంది. జింకు రేకుని నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే కొంత నయం కానీ మరకలు వదలవు, వాడిన ద్రావణాన్ని కాలువలో పారబోయకూడదు. ఫ్లాట్ బాల్కనీలో చేసే పని కాదిది. చేయాలన్న పట్టుదల ఉంటే, ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చదివినవాళ్లు నగరంలో ఉన్నారు, ప్రెస్ ఎవరి దగ్గరుందో వాళ్లని అడగడమే దగ్గరి దారి. గంటల లెక్కన వాడుకోనిచ్చే చోటు దొరికితే సొంత ప్రెస్ గురించి రెండేళ్ల దాకా ఆలోచించకండి. బరువు, ధర అటుంచితే, సముద్రపు గాలికి రోలర్ తుప్పు పట్టకుండా చూసుకోవడమే ఒక ఉద్యోగం.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు మన తెలుగువాడు కృష్ణారెడ్డి పని తప్పకుండా చూడాలి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన ఆతెలియే 17 అనే స్టూడియోలో పనిచేశాడు. రేకుని శిల్పంలా లోతులు లోతులుగా చెక్కి, నూనె పాళ్లు మార్చి చిక్కగా పల్చగా చేసిన ఇంకుల్ని గట్టి రోలరుతో, మెత్తటి రోలరుతో ఒకదాని మీద ఒకటి వేస్తే, ఒక రంగు ఇంకోదాన్ని తోసేసి దేని లోతులో అది నిలబడుతుంది. ఒకే రేకు, ఒకే అచ్చు, అన్ని రంగులూ. దాన్నే విస్కాసిటీ పద్ధతి అంటారు. ఆయన చేప, కెరటం, సుడిగుండం చూస్తే ఏ జాతి చేపో చెప్పలేం. నీరు ఎలా కదులుతుందో మాత్రం ఒంటికి తెలుస్తుంది. రస్సెల్ చేపల పుస్తకానికి ఇది పూర్తిగా అవతలి కొస. రెండూ లోహపు రేకు మీద చేసినవే, రెండూ ప్రకృతిని దగ్గరగా చూసినవాళ్లవే.

మిగతావి, క్లుప్తంగా

స్క్రీన్ ప్రింటింగ్‌కి విశాఖలో మనుషులకి కొదవ లేదు, శుభలేఖలు వేసేవాళ్లంతా ఆ పనివాళ్లే. టీషర్టు మీద తాబేలు బొమ్మ కావాలంటే అదే సరైనది. ప్రకృతిని చూడటం నేర్చుకోవాలంటే మాత్రం నేను దాన్ని సిఫార్సు చేయను, కంప్యూటర్లో గీసినది స్క్రీన్ మీదకి ఎక్కుతుంది తప్ప వస్తువుతో చేతికి పని పడదు. లిథోగ్రఫీ రాయి మీద చేసేది. జర్మన్ శాస్త్రవేత్త హేకెల్ 1899 నుంచి 1904 దాకా వేయించిన జెల్లీఫిష్‌లు, రేడియోలేరియా అనే సముద్రపు సూక్ష్మజీవులు ఆ పద్ధతిలోవే. ఆ మెత్తదనం ఇంకెందులోనూ రాదు, కానీ రాయి, ప్రెస్, నేర్పేవాళ్లు మూడూ ఒకచోట దొరికితేనే దాని గురించి ఆలోచించాలి. అట్ట మీద ఫెవికాల్‌తో ఇసుక, గుడ్డ, ఎండుటాకులు అంటించి, పైన వార్నిష్ వేసి అచ్చు తీసే కొలాగ్రాఫ్ కూడా ఉంది. ఎర్రమట్టి దిబ్బల గండ్లకి లినో తర్వాత నా ఓటు దీనికే.

మన వాతావరణం, మన చట్టం

నీటి ఆధారిత ఇంకు మే నెలలో ఫ్యాను కింద గాజు పలక మీదే ఆరిపోతుంది. నూనె ఇంకు ఆగస్టులో రోజుల తరబడి ఆరదు. నేనైతే నూనె ఇంకునే ఎంచుకుంటాను, ఆలస్యమైనా కాగితం మీద బాగా కూర్చుంటుంది, వంటనూనెతో తుడిస్తే రోలరు శుభ్రమవుతుంది. వానాకాలంలో కాగితాలకి బూజు పడుతుంది. బీరువాలో గోడకి ఆనించకుండా పెట్టండి, సిలికా జెల్ పొట్లాలు పడేయకుండా దాచుకోండి. సయనోటైప్ కాగితానికి పూత పూసి దాచుకోవడం జూన్ నుంచి అక్టోబరు దాకా వద్దు, తేమకి అదే నీలం తిరుగుతుంది.

కంబాలకొండ అభయారణ్యం, అక్కడ ఆకు కోయడానికి వీల్లేదు. స్కెచ్ వేసుకోండి, ఫొటో తీసుకోండి, అచ్చుకి మీ వీధి చెట్టు ఆకు చాలు. పగడాలు, సముద్ర గుర్రాలు, తాబేళ్లు వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినా ఇంటికి తెచ్చుకోకూడదు. చచ్చిన తాబేలు కనిపిస్తే అటవీశాఖకి చెప్పండి, వీపు అచ్చు తీద్దామని కూర్చోకండి.

ఎవరికి ఏది

బడిలో సైన్సు చెప్పే టీచరైతే ఆకు అచ్చు, దాని వెంటే సయనోటైప్. ఒకే ఆకుని రెండు పద్ధతుల్లో వేయించి పక్కపక్కన పెడితే, ఒకదాంట్లో ఈనెలు, ఇంకోదాంట్లో అంచులు ఎందుకు బాగా కనిపిస్తున్నాయని పిల్లలే అడుగుతారు. రసాయనాలు కలపడం మాత్రం టీచరు చేతిలోనే ఉండాలి. రిటైరయ్యి పొద్దున్నే బీచ్‌లో నడిచేవాళ్లకి సయనోటైప్‌ని మించింది లేదు, చేతి వణుకుతో పని లేదు. బొమ్మలు గీయడం వచ్చినవాళ్లు నేరుగా లినోకి వెళ్లండి, మీ గీత అక్కడే పదునెక్కుతుంది. బొమ్మ గీయడం రాదని భయపడేవాళ్లు లినోతో మొదలుపెడితే నెలలో మానేస్తారు, ముందు చేప అచ్చులతో చెయ్యి తిప్పుకోండి. ప్రింట్లు అమ్ముదామనుకునేవాళ్లకి లెక్క వేరు. ఇంట్లో చేసుకోగలిగినవాటిలో, ఒకే బ్లాకు నుంచి ఒకేలా ఇరవై ముప్పై తీయగలిగేది లినో, ఉడ్‌కట్‌లలోనే. డ్రైపాయింట్‌లో అన్ని రావు.

అమ్మేవాళ్లు నంబరు వేయడంలో నిజాయితీగా ఉండాలి. 3/20 అని రాస్తే ఆ బ్లాకు నుంచి ఇరవైకి మించి వేయనని మాటిచ్చినట్టు. చేప అచ్చు, ఆకు అచ్చు ఏ రెండూ ఒకేలా రావు కాబట్టి వాటికి 1/1 అని రాయాలి. కింద ఎడమ పక్క నంబరు, మధ్యలో పేరు, కుడి పక్క సంతకం. వెనకాల ఆ ఆకుదో చేపదో ఇక్కడివాళ్లు పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ కూడా రాయండి. అదంతా పెన్సిల్‌తోనే రాయండి, మన తేమకి పెన్ను సిరా పాకుతుంది.